తోటి విద్యార్థులకు స్పానిష్ నేర్పడం ఎలా: తెలుగును పక్కన పెట్టకుండా

"అక్కా, మా ఫ్రెండ్స్ నలుగురు స్పానిష్ చెప్పమంటున్నరు. నాకే అంతంత మాత్రం వచ్చు. ఎట్ల మొదలుపెట్టాలె?"

హనుమకొండలో నన్ను జూనియర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వీళ్ళలో కొందరు ఎంఎస్‌కి స్పెయిన్ వెళ్ళాలనుకునేవాళ్ళు. కొందరు హైదరాబాద్ కంపెనీల్లో భాష వచ్చినవాళ్ళకిచ్చే ఉద్యోగాల మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు. ఊరికే ఇష్టంతో ఫోన్‌లో డ్యుయోలింగోతో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్ళు ఇంకొందరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, నేను చేసి చూసిన పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ఒకటి ముందే చెప్తాను. మీరు టీచర్ కాదు. సిలబస్ పూర్తి చేయడం, మార్కులు వేయడం మీ పని కాదు. అదే దారిలో వాళ్ళకంటే నాలుగడుగులు ముందు నడిచినవాళ్ళు మీరు. ఎక్కడ కాలు జారుతుందో మీకింకా గుర్తుంది, మీ దగ్గరున్న బలం అదే.

చదివేటప్పుడు వినిపించాలని స్పానిష్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీ దగ్గర నేర్చుకునేవాళ్ళ నోట్సులో మాత్రం మొదటి వారం దాటాక తెలుగు లిపి వద్దు. స్పానిష్‌లో రాసినదాన్ని రాసినట్టే చదవొచ్చు, నియమాలు చాలా తక్కువ. తెలుగులో రాసుకోవడం అలవాటైతే పరీక్షలో స్పెల్లింగులన్నీ పోతాయి.

ముందుగా ఉండాల్సినవి

మీ స్థాయి: ఏ1 (భాషలో మొదటి మెట్టు) వాళ్ళకి చెప్పాలంటే మీరు ఏ2 (రెండో మెట్టు) పూర్తి చేసి ఉండాలి, కనీసం సగం దాటి ఉండాలి. ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు కలిసి చదువుకోవచ్చు, అది మంచిదే, కానీ అది వేరే పని.

మనుషులు: ఇద్దరి నుంచి నలుగురు. ఐదో మనిషి చేరితే ఎవరో ఒకరు మాట్లాడకుండా తప్పించుకుంటారు. ఎక్కువ మంది వస్తే రెండు బ్యాచ్‌లు చేయండి.

సమయం: వారానికి రెండుసార్లు, 45 నిమిషాల చొప్పున. ఆదివారం మూడు గంటలు కూర్చోబెడితే సోమవారానికి ఏమీ మిగలదు.

చోటు: గట్టిగా మాట్లాడగలిగే చోటు కావాలి కాబట్టి లైబ్రరీ పనికిరాదు. కాలేజీ వరండా, క్యాంటీన్ ఖాళీగా ఉండే వేళ, పొద్దున్నే పబ్లిక్ గార్డెన్, భద్రకాళి బండ్ మీద నడుస్తూ కూడా సరిపోతుంది. అమ్మాయిలు అబ్బాయిలు కలిసిన బ్యాచ్ అయితే నలుగురికీ కనిపించే చోటే మంచిది, ఇంట్లోవాళ్ళకి టెన్షన్ ఉండదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ బస్సు టైము ముందే అడిగి రాసుకోండి. బస్సు పోతుందేమోనన్న గాబరాలో ఉన్న పిల్లకి క్రియారూపాలు తలకెక్కవు.

సామాను: ఒక లాంగ్ నోట్‌బుక్, చిన్న కాగితం ముక్కలు, ఫోన్‌లో వాయిస్ రికార్డర్. నిఘంటువుకి స్పెయిన్‌లోని రేయల్ అకాదెమియా ఎస్పాన్యోలా వాళ్ళ ఆన్‌లైన్ నిఘంటువు ఉచితంగా దొరుకుతుంది. 1713లో మొదలైన సంస్థ అది. ఏదైనా క్రియ వెతికితే దాని రూపాలన్నీ కూడా చూపిస్తుంది. ఆ పేజీ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

డబ్బు తీసుకోవాలా అని కూడా అడుగుతున్నారు. క్లాస్‌మేట్ల దగ్గర తీసుకోవద్దనే నా మాట. డబ్బు చేతులు మారితే వాళ్ళు మీ ముందు తప్పు మాట్లాడటానికి జంకుతారు. ఒక చాయ్ తాగించమనండి, చాలు.

1. మొదటి రోజు పాఠం చెప్పకండి, వినండి

ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి ఐదే ప్రశ్నలు స్పానిష్‌లో అడగండి. పేరేంటి, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, పొద్దున ఏం తిన్నావు, రేపు ఏం చేస్తావు. వాళ్ళ అనుమతితో రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. ఒక్క తప్పు కూడా దిద్దకండి. ఆ రికార్డింగ్‌ని తారీఖు పేరుతో దాచండి, చివర్లో పనికొస్తుంది.

బొత్తిగా రానివాళ్ళయితే "ఓలా, మె యామో" అని పేరు చెప్పించండి, అంతే చాలు.

ఎందుకు నేర్చుకుంటున్నారో కూడా తెలుగులోనే అడగండి. దెలె (స్పానిష్ వచ్చని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) రాయాలనుకునేవాళ్ళకీ, మాట్లాడితే చాలనుకునేవాళ్ళకీ మీరు చేయించే అభ్యాసం ఒకటి కాదు. దెలె ఏ1లో చదవడం, రాయడం ఒక జట్టు. వినడం, మాట్లాడటం ఇంకో జట్టు. ఒక్కో జట్టుకి 50 మార్కులు, ప్రతి జట్టులోనూ 30 రావాలి. రాతలో 45 తెచ్చుకుని మాటలో 20 దగ్గర ఆగితే ఫెయిలే. మన పిల్లలు ఎక్కువగా జారేది మాట దగ్గరే కాబట్టి ఈ లెక్క మొదటి రోజే చెప్పండి.

2. రెండు వారాలు నోరు తిప్పించండి

ఇక్కడ మనకి పుట్టుకతో వచ్చిన లాభం ఉంది. మనవాళ్ళు స్పానిష్ పుస్తకం చూడగానే ఇంగ్లిష్ అక్షరాలు కదా అని ఇంగ్లిష్‌లా చదివేస్తారు, అక్కడే చెడుతుంది. తెలుగులా చదవమనండి.

స్పానిష్‌లో 'ట', 'డ' లేవు. ఉన్నవి 'త', 'ద'. టమాటాని "తొమాతె" అనాలి. 'టొమాటే' అంటే దిద్దండి. ఎ, ఒ కూడా మన ఎ, ఒ లాగే నిక్కచ్చిగా పలుకుతారు. 'ఊనివెర్సిదాద్' అంటారు, 'యూనివర్సిటీ'లోని 'యూ' అక్కడ ఉండదు.

రెండు రకాల 'ర' గురించి భయపెడుతుంటారు. మనకి భయం అక్కర్లేదు. "పేరు"లోని ర ఒకటి, "బర్రె"లోని ర్ర ఇంకొకటి. "పెరో" అంటే 'కానీ', "పెర్రో" అంటే కుక్క. పేరు, బర్రె, పేరు, బర్రె అని పదిసార్లు అనిపించి, వెంటనే పెరో, పెర్రో అనిపించండి. ఒక్క పూటలో వచ్చేస్తుంది. మాట మొదట్లో వచ్చే ర కూడా బర్రెలోని ర్రే అని చెప్పడం మర్చిపోకండి.

హోతా అనే అక్షరం (ఇంగ్లిష్ 'జె') గొంతులోంచి వస్తుంది. ఉర్దూ మాట్లాడే స్నేహితులు 'ఖబర్' అనేటప్పటి ఖ వినమనండి, స్పెయిన్‌వాళ్ళు పలికేది దాదాపు అదే. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మెత్తని హ సరిపోతుంది. ఇక అచ్చంగా 'హ' అని కనిపించే ఆచే అక్షరాన్ని అసలు పలకరు. హోటల్ అక్కడ "ఒతెల్".

'వ' అని కనిపించే అక్షరం మాట మొదట్లో బ అవుతుంది. ఆవు "బాకా". మాట మధ్యలో వస్తే పెదవులు పూర్తిగా మూయకుండా వ-బల నడుమ పలుకుతారు. దీన్ని మొదటి నెలలో పట్టుకుని వేధించకండి, వినగా వినగా అదే సర్దుకుంటుంది.

వేధించాల్సింది ఊనిక విషయంలో. తెలుగులో మాటలో ఏ భాగం మీద బరువు వేసినా అర్థం మారదు, అక్కడ మారుతుంది. "ఆబ్లో" అని మొదటి అక్షరం మీద బరువు వేస్తే 'మాట్లాడతాను'. "అబ్లో" అని చివర బరువు వేస్తే 'అతను మాట్లాడాడు'. నియమం చిన్నదే: అచ్చుతో గానీ, ఎన్, ఎస్‌లతో గానీ ముగిసే మాటకి చివరి నుంచి రెండో అక్షరం మీద బరువు, మిగతా వాటికి చివరి అక్షరం మీద. దీనికి తేడాగా ఉంటే రాతలో పైన గీత ఉంటుంది. బరువు పడే చోట బల్ల మీద చేత్తో కొట్టించండి. సిగ్గుపడతారు, అయినా కొట్టించండి.

సరిచూసుకోవడానికి ఒక పద్ధతి: వాళ్ళు చూడని ఒక పేరా ఇచ్చి, అర్థంతో పని లేకుండా పైకి చదవమనండి. పది లైన్లలో మూడు కంటే ఎక్కువ పలుకు తప్పులు వస్తే ఇంకో వారం ఇదే చేయించండి.

3. ఇంగ్లిష్ మీదుగా వద్దు, తెలుగు మీదుగా తీసుకెళ్ళండి

నేను కాస్త ఎక్కువ రాయాల్సింది దీని గురించే.

పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక జూనియర్ ఉండేది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాకు చాయ్ ఇష్టం అనడానికి "యో గుస్తో తె" అనేది, 'యో' అంటే నేను. నేను నా పుస్తకంలో ఉన్నట్టే ఇంగ్లిష్‌లో, చాయ్ నన్ను సంతోషపెడుతుంది లాంటి వాక్యాలు రాసి, బాణాలు గీసి, అరగంట చెప్పాను. తల ఊపింది. మళ్ళీ చెప్పమంటే "యో గుస్తో తె". నోట్‌బుక్ వైపు చూస్తూ కాసేపు కూర్చుని, పెన్ను క్యాప్ తీసి పెట్టి, మెల్లగా అడిగింది: "అక్కా, నాకు చాయ్ నచ్చుతది అన్నట్టే గదా ఇది? నాకు అంటం గానీ నేను అనం గదా?"

అదే. అచ్చంగా అదే. "మె గుస్తా ఎల్ తె" అంటే నాకు చాయ్ నచ్చుతుంది. పుస్తకాలు నచ్చుతాయి అనాలంటే "మె గుస్తాన్ లోస్ లీబ్రోస్". నచ్చుతుంది, నచ్చుతాయి, గుస్తా, గుస్తాన్. మనకి నచ్చే వస్తువుని బట్టి క్రియ మారుతుంది, రెండు భాషల్లోనూ. ఇంగ్లిష్‌లో చదువుకున్నవాళ్ళు నెలల తరబడి తడబడే పాఠం ఆ పిల్లకి చిన్నప్పుడే వచ్చు. నేనే దాన్ని ఇంగ్లిష్‌లోకి తిప్పి కష్టం చేశాను.

ఆ రోజు నుంచి ప్రతి పాఠానికీ ముందు తెలుగులో సరిపోయేది ఉందా అని వెతుకుతున్నాను. బాగా పనికొచ్చినవి ఇవి.

క్రియ చివర్లు. తెలుగులో 'వస్తాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. స్పానిష్ అంతే. ఆబ్లో అన్నప్పుడే 'నేను' అందులో ఉంది, ఆబ్లాస్ అంటే 'నువ్వు'. ఇంగ్లిష్ అలవాటున్నవాళ్ళు ప్రతి వాక్యానికీ ముందు 'యో, యో' అంటూ ఉంటారు. తెలుగులో ఎవరైనా ప్రతి మాటకీ 'నేను వస్తాను, నేను తింటాను, నేను పడుకుంటాను' అంటే ఎలా ఉంటుందో అనిపించి చూపించండి.

నువ్వు, మీరు. "తూ" నువ్వు, "ఉస్తెద్" మీరు. ఎవరిని ఏమనాలన్న ఇంగితం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. జాగ్రత్త ఒక్కటే: మన 'మీరు'కి బహువచన క్రియ వస్తుంది, ఉస్తెద్‌కి మాత్రం 'అతను, ఆమె'లకి వాడే ఏకవచన క్రియే వస్తుంది.

తిన్నాను, తినేదాన్ని. ఏ2లో రెండు భూతకాలాలు వచ్చేసరికి చాలామంది స్పానిష్ మానేస్తారు. "కొమీ" అంటే తిన్నాను, ఒకసారి జరిగి అయిపోయింది. "కొమీయా" అంటే తినేదాన్ని, తినేవాణ్ణి. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఏం చేసేవాళ్ళో తెలుగులో చెప్పమనండి. ఎన్ని సార్లు 'వాళ్ళం, వాళ్ళం' అన్నారో వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. అవన్నీ రెండో రకమే. వాతావరణం, మనిషి రూపం లాంటి పాత వర్ణనలు కూడా రెండో రకంలోకే వస్తాయని కలపండి.

సేర్, ఎస్తార్. ఇవి రెండు క్రియలు, ఇంగ్లిష్‌లో రెండింటికీ 'బి' అనే ఒకే మాట కాబట్టి గందరగోళం. తెలుగులో 'నేను స్టూడెంట్‌ని' అన్నప్పుడు 'ఉన్నాను' రాదు, అది సేర్: "సోయ్ ఎస్తుద్యాంతె". 'ఇంట్లో ఉన్నాను' అన్నప్పుడు ఉన్నాను వచ్చింది, అది ఎస్తార్: "ఎస్తోయ్ ఎన్ కాసా". 'చాయ్ వేడిగా ఉంది' కూడా ఎస్తారే.

ఈ వంతెన మీద మాత్రం కళ్ళు మూసుకుని నడవకూడదు. మన 'ఉంది' చాలా పనులు చేస్తుంది. 'ఇల్లు పెద్దగా ఉంది' అక్కడ సేర్. 'బల్ల మీద పుస్తకం ఉంది' అంటే "ఆయ్". 'నాకు ఇద్దరు చెల్లెళ్ళున్నారు', 'నాకు ఆకలిగా ఉంది', 'నాకు ఇరవై ఏళ్ళు', ఈ మూడింటికీ కలిగి ఉండటం అనే క్రియ "తెనేర్" వాడాలి: తెంగో ఆంబ్రె, తెంగో బెయింతె ఆన్యోస్. 'చలిగా ఉంది' అని వాతావరణం గురించి అంటే "ఆసె ఫ్రియో". ఈ ఆరూ ఒక కాగితం మీద రాయించి నోట్‌బుక్ అట్ట లోపల అంటించమనండి.

తెలుగు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. మనం 'ఇంట్లో' అని వెనక చేర్చేదాన్ని వాళ్ళు ముందు పెడతారు. క్రియ మనకి చివర్లో, వాళ్ళకి మధ్యలో. అక్కడ ఇంగ్లిష్ వాక్యమే దగ్గర, దాన్నే వాడండి. విశేషణం మాత్రం రెండింటికీ భిన్నంగా ఎక్కువగా నామవాచకం తర్వాత వస్తుంది: ఇల్లు ఎర్రది, చొక్కా తెల్లది అన్నట్టు.

వస్తువులకి ఆడ మగ ఉండటం మనకి పూర్తిగా కొత్త. దీనికి అడ్డదారి లేదు. ఏ మాటా ఒంటరిగా నేర్పకండి. 'మేసా' కాదు, "లా మేసా". మొదటి రోజు నుంచే జతగా నోటికి రావాలి. 'ఆ'తో ముగిసినా మగవైన "ఎల్ ప్రొబ్లేమా, ఎల్ మాపా, ఎల్ దియా", 'ఓ'తో ముగిసినా ఆడదైన "లా మానో" ఇవి నాలుగూ ముందే చెప్పేయండి.

ఒక చిన్న సంతోషం కూడా పంచండి. పోర్చుగీసువాళ్ళు తెచ్చిన మాటలు మన నోట్లో నానిపోయి ఉన్నాయి, వాటి చుట్టాలు స్పానిష్‌లో ఉన్నాయి. మన తువ్వాలు అక్కడ "తోఆయా", బొత్తాం "బొతోన్", మేస్త్రీ "మాఎస్త్రో". మొదటి క్లాసులో ఈ మూడు చెప్తే పిల్లల మొహాలు విప్పారతాయి.

4. నలభై ఐదు నిమిషాలు ఇలా గడపండి

మొదటి ఐదు నిమిషాలు స్పానిష్‌లోనే పలకరింపు. తరువాతి పది, పోయినసారి తప్పుల మీద. పదిహేను నిమిషాల్లో ఒకే ఒక్క కొత్త విషయం. మిగిలిన పదిహేను వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, మీరు వినడం.

గడియారం చూసుకోండి. మొత్తం మీద మీ గొంతు సగం కంటే ఎక్కువ వినిపిస్తే ఆ క్లాసు మీకే ఉపయోగపడింది. నమ్మకం కుదరకపోతే ఒక సెషన్ రికార్డు చేసి వినండి. నేను మొదటిసారి విన్నప్పుడు దాదాపు అంతా నేనే మాట్లాడుతున్నాను.

"సమజైందా?" అని అడగకండి. "అయింది అక్కా" అనే అంటారు, కాకపోయినా అంటారు. మర్యాద కోసం అంటారు. దానికి బదులు, "ఇప్పుడు నీ పక్కనున్న అమ్మాయికి నువ్వు చెప్పు" అనండి. తెలుగులో చెప్పినా సరే. ఎక్కడ ఆగిపోతే అక్కడ అర్థం కాలేదన్నమాట.

5. తప్పులు దిద్దే తీరు

మాట్లాడుతుంటే ఆపకండి. కాగితం ముక్క మీద రాసుకోండి. అయ్యాక మూడే మూడు చెప్పండి, పన్నెండు దొరికినా సరే. ఆ మూడు కూడా అర్థం చెడగొట్టేవి, పదేపదే వచ్చేవి అయ్యుండాలి.

మీరే సరైన రూపం చెప్పేయకండి. తప్పు పడిన మాటని వదిలేసి మిగతాది అని ఆగండి. "లా ప్రొబ్లేమా" అన్న పిల్లతో "...ప్రొబ్లేమా?" అని ఊరుకోండి. మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు కష్టంగా ఉంటుంది, కానీ జవాబు వాళ్ళ నోటి నుంచే వస్తుంది. రాకపోతే అప్పుడు చెప్పండి.

పక్కవాళ్ళు నవ్వితే అక్కడికక్కడే ఆపండి. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. ఇంగ్లిష్ క్లాసులో నవ్వులు పడి నోరు మూసుకున్న పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి మొదటి రోజే చెప్పండి: స్పానిష్‌లో అందరూ సున్నా నుంచే మొదలు, పైగా వాళ్ళ తెలుగు గట్టిగా ఉంటే అది ఇక్కడ అక్కరకొస్తుంది. నేను ఓదార్పుకి ఈ మాట చెప్పడం లేదు, మూడో అంకెలో చూపించినవన్నీ అవే.

వెంటనే దిద్దాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. సిగ్గుపడుతున్నాను అనుకుని "ఎస్తోయ్ ఎంబరసాదా" అంటారు, దాని అర్థం 'నేను గర్భవతిని'. "లిబ్రెరియా" లైబ్రరీ కాదు, పుస్తకాల షాపు. "ఎక్సితో" అంటే బయటికి పోయే దారి కాదు, విజయం. "కార్పెతా" తివాచీ కాదు, ఫైలు. ఏడాది అనే "ఆన్యో"లో ఎన్ మీద అల గీత వదిలేస్తే బూతు లాంటి మాట అవుతుంది, వయసు రాసేటప్పుడు ఆ గీత మర్చిపోవద్దని గట్టిగా చెప్పండి.

6. మాట్లాడటానికి మన ఊరే పాఠం

పుస్తకంలో మాద్రిద్ మెట్రో గురించి ఉంటుంది. మెట్రో ఎక్కనివాళ్ళతో దాని గురించి ఏం మాట్లాడిస్తారు? ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల గురించి మాట్లాడించండి: రంగు, ధర, ఎంత ఎండింది. కాజీపేట జంక్షన్ రైళ్ళతో టైము చెప్పడం నేర్పండి. వేయి స్తంభాల గుడి స్పానిష్‌లో "ఎల్ తెంప్లో దె లాస్ మిల్ కొలుమ్నాస్" అవుతుంది. వెయ్యికి ముందు 'ఒక' అనే మాట పెట్టరని ఈ ఒక్క పేరుతోనే వచ్చేస్తుంది. పెద్ద అంకెలకి ఆ గుడి కట్టిన 1163, రామప్ప గుడి కట్టిన 1213, రామప్పకి యునెస్కో గుర్తింపు వచ్చిన 2021, ఈ మూడు ఏళ్ళు నోటితో చెప్పించండి.

బతుకమ్మ గురించి ఐదు వాక్యాలు చెప్పమనండి. తంగేడు, గునుగు పూలకి స్పానిష్ మాట వెతకొద్దు, ఆ పేర్లే వాడి, 'పసుపు పువ్వు', 'గడ్డిలా ఉండే తెల్ల పువ్వు' అని వివరించమనండి. తెలియని మాటని తెలిసిన మాటలతో చుట్టి చెప్పడం పరీక్షలోనూ, బయటి దేశంలోనూ అన్నిటికంటే ఎక్కువగా అవసరపడే విద్య.

చుట్టరికాలు ఇంకో మంచి పాఠం. పిన్ని, పెద్దమ్మ, మేనత్త, అందరూ అక్కడ "తియా" ఒక్కటే. "మా అమ్మ చెల్లెలు, మా నాన్న అక్క" అని వివరించాల్సి వస్తుంది, దాంతో షష్ఠీ విభక్తి వాక్యాలన్నీ అభ్యాసమైపోతాయి. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి తన మేనమామ పెళ్ళిని పావుగంట సేపు చెప్పాడు. అంతకుముందు మూడు వారాలు నోరు విప్పనివాడు.

7. హోంవర్క్ మీరు రాయకండి

పరీక్షల ముందు రాత్రి వాట్సాప్‌లో ఫొటో వస్తుంది: "అక్కా, ఇది కొంచెం ఫిల్ చేసి పంపవా, ప్లీజ్." పంపకండి. కోపం కూడా తెచ్చుకోకండి. "నువ్వు రాసి పంపు, నేను చూస్తా" అనండి. రాసి పంపితే తప్పున్న లైన్ పక్కన పెన్సిల్ చుక్క పెట్టి తిప్పి పంపండి. తప్పేదో వాళ్ళు వెతకాలి. రెండోసారీ దొరకకపోతే ఆ మాట కింద గీత గీయండి. మూడోసారి మాత్రమే చెప్పండి.

అనువాద యాప్‌లో చేసిన వ్యాసం పట్టుకోవడం తేలిక. అందులోంచి ఒక వాక్యాన్ని తీసి, 'నేను' బదులు 'మా తమ్ముడు' పెట్టి చెప్పమనండి. సొంతంగా రాసినవాళ్ళు మారుస్తారు.

8. తెలియనప్పుడు

"చూసి చెప్తా" అనండి. నోట్‌బుక్‌లో రాసుకోండి, మళ్ళీ కలిసేలోపు చూడండి, తప్పకుండా చెప్పండి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. నీళ్ళని "ఎల్ ఆగ్వా" అంటారు కాబట్టి అది మగ మాట అనుకుని, చల్లని నీళ్ళు "ఎల్ ఆగ్వా ఫ్రియో" అని ముగ్గురికి చెప్పాను. ఆగ్వా ఆడ మాటే. బరువున్న 'ఆ'తో మొదలయ్యే మాట ముందు, ఏకవచనంలో, పలకడానికి వీలుగా 'లా' బదులు 'ఎల్' వస్తుంది, అంతే. విశేషణం "ఫ్రియా" కావాలి. వాళ్ళు ఇంటర్నల్ పరీక్షలో నేను చెప్పినట్టే రాసి మార్కులు పోగొట్టుకున్నారు. ముగ్గురి దగ్గరికీ వెళ్ళి, తప్పు నాదని చెప్పి, మళ్ళీ నేర్పాను. వాళ్ళు పెద్దమనసుతో ఊరుకున్నారు కానీ నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి నిఘంటువు చూడకుండా 'ఎందుకు' అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు.

మీ స్థాయి దాటిన ప్రశ్నలు వస్తే దాచిపెట్టకండి, కాలేజీలో భాష చెప్పే సార్‌నో మేడమ్‌నో అడగమనండి. డిగ్రీ స్థాయిలో పద్ధతిగా చదవాలనుకునేవాళ్ళకి హైదరాబాద్ తార్నాకలోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. దెలె పరీక్షలు నడిపే ఇన్‌స్తితూతో సెర్వాంతెస్‌కి ఢిల్లీలో కేంద్రం ఉంది. ఒక్కసారి పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువు ఉండదు, అందుకే తొందరపడి సగం తయారీతో ఫీజు కట్టొద్దని చెప్పండి.

పని జరుగుతోందా లేదా ఎలా తెలుస్తుంది

ఎనిమిది వారాల తర్వాత మొదటి రోజు అడిగిన ఐదు ప్రశ్నలే మళ్ళీ అడిగి రికార్డు చేయండి. రెండూ పక్కపక్కన వినిపించండి. మీరు చూడాల్సినవి మూడు: ఒక జవాబులో ఎన్ని వాక్యాలు వచ్చాయి, మధ్యలో ఎంతసేపు ఆగారు, ఎన్నిసార్లు తెలుగులోకో ఇంగ్లిష్‌లోకో జారారు. తప్పుల లెక్క చివర చూడండి, ఎక్కువ మాట్లాడేవాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తారు.

వాక్యాలు పెరిగి తప్పులు అలాగే ఉంటే కంగారు లేదు, ఐదో అంకెలో చెప్పిన మూడు తప్పుల పద్ధతి గట్టిగా పట్టండి. తప్పులు తగ్గి వాక్యాలు పెరగకపోతే మీరు ఎక్కువ దిద్దుతున్నారు, రెండు వారాలు దిద్దడం పూర్తిగా ఆపేయండి. ఏదీ మారకపోతే బ్యాచ్‌ని ఇద్దరికి తగ్గించి చూడండి, లేదా అదే సమయాన్ని వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చేయండి.

పరకాల పిల్ల రికార్డింగులు రెండూ నా ఫోన్‌లో ఇంకా ఉన్నాయి. మొదటిదాంట్లో పేరు చెప్పి ఆగిపోయింది. రెండోదాంట్లో పొద్దున ఏం తిన్నావంటే ఉప్మా అని, ఎవరు చేశారని నేను అడగకముందే వాళ్ళ నాన్న చేశాడని, ఉప్పు ఎక్కువైందని, అయినా తనకి నచ్చిందని చెప్పింది. "మె గుస్తో" అంది, చివర బరువు వేసి, అంటే 'నాకు నచ్చింది'. భూతకాలంలో ఆ క్రియ రూపం నేను ఆమెకి ఇంకా నేర్పలేదు. ఇప్పుడు ఆమె దగ్గర ఇద్దరు జూనియర్లు నేర్చుకుంటున్నారు. వాళ్ళకి మొదటి వాక్యం చాయ్‌తోనే చెప్తోంది.